మొదటి ఏడాది సి ల్యాబ్‌లో జంటగా ప్రోగ్రాములు రాయించడం: మీరు ఎలా చేస్తున్నారు?

గౌతమి_ల్యాబ్

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర ఒక కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలకు సి భాష చెబుతున్నాను. ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్లు అందరికీ చాలవు కాబట్టి ఒక్కో దాని ముందు ఇద్దరు కూర్చోవడం మాకు మామూలే. ఆ ఇద్దరిలో ఒకరు టైపు చేస్తారు, మరొకరు పక్కన రికార్డు రాసుకుంటూ ఉంటారు. అవుట్‌పుట్ వచ్చాక సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. ప్రోగ్రాము అలా ఎందుకు పనిచేసిందని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఈ సెమిస్టర్‌లో దీన్ని సరైన పెయిర్ ప్రోగ్రామింగ్‌గా (ఇద్దరు కలిసి ఒకే ప్రోగ్రాము రాయడం) మార్చాలని పట్టుదలగా ఉన్నాను. ఎలాగూ ఇద్దరు కూర్చుంటున్నారు, ఆ కూర్చోవడానికి ఒక పద్ధతి ఉంటే ఇద్దరికీ చదువు వస్తుంది కదా. మీలో ఎవరైనా చేయించారా? ఎలాంటి అభ్యాసాలు ఇచ్చారు? జంటలు ఎలా కట్టారు? మార్కుల సంగతి ఏమిటి?

కాలువగట్టు

మేడమ్, నేను తణుకు వైపు పాలిటెక్నిక్‌లో చెబుతాను. కొన్నేళ్లుగా మొదటి సంవత్సరం ల్యాబంతా ఇలాగే నడుపుతున్నాను. ముందు ఒక్క మాట. ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన జంట కాదు. తేడా అంతా టైపు చేయని మనిషి దగ్గర ఉంది. ఆ మనిషికి చేతినిండా పని లేకపోతే ఎన్ని నియమాలు పెట్టినా ఆ కుర్చీ ఖాళీగా ఉన్నట్టే.

మొదటి రోజు పిల్లలకు కాలువ గట్టు మీద లారీని వెనక్కి తిప్పడం గుర్తు చేస్తాను. స్టీరింగు డ్రైవరు చేతిలోనే ఉంటుంది, గట్టు అంచు కనిపించేది మాత్రం కింద నిలబడిన క్లీనరుకు. క్లీనరు నోరు మెదపకపోతే లారీ కాలువలో ఉంటుంది. ఇది చెప్పాక డ్రైవర్ (టైపు చేసేవారు), నావిగేటర్ (పక్కనుండి చూసి చెప్పేవారు) అన్న పేర్లు మళ్లీ వివరించాల్సిన అవసరం రాదు.

నావిగేటర్ చేతికి ఒక కాగితం ఇస్తాను. దాని మీద మూడు గడులు: ఇన్‌పుట్, రావాల్సిన జవాబు, వచ్చిన జవాబు. ప్రోగ్రాము రన్ చేయడానికి ముందే మొదటి రెండు గడులు నిండాలి. కాగితం ఖాళీగా ఉంటే రన్ చేయడానికి వీల్లేదు. ఈ ఒక్క నియమంతో ల్యాబ్ తీరు మారిపోయింది.

నేను మొదట ఇచ్చే అభ్యాసం ధవళేశ్వరం వరద హెచ్చరికలు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. జూలై, ఆగస్టు వస్తే ఈ అంకెలు మన ఇళ్లలో అందరి నోటా ఉంటాయి. నీటిమట్టం అడిగి, ఏ హెచ్చరిక అమల్లో ఉందో చెప్పే ప్రోగ్రాము రాయమంటాను. అయిదారు వరుసల పనే. కానీ చాలా జంటలు మొదట రాసేది ఇలా ఉంటుంది: 11.75 లేదా అంతకన్నా ఎక్కువైతే మొదటి హెచ్చరిక, ఎల్స్ ఇఫ్ (అది కాకపోతే) 13.75 లేదా ఎక్కువైతే రెండోది, ఎల్స్ ఇఫ్ 17.75 లేదా ఎక్కువైతే మూడోది. చదవడానికి నిక్షేపంగా ఉంటుంది. 12 అడుగులు ఇస్తే సరైన జవాబే వస్తుంది. 18 ఇస్తే కూడా మొదటి హెచ్చరిక అనే చెబుతుంది, ఎందుకంటే మొదటి షరతే నిజమైపోయి మిగతావాటి దాకా వెళ్లదు.

డ్రైవరు స్థానంలో ఉన్నవారికి ఇది కనిపించదు. సెమీకోలన్ పడిందా, బ్రాకెట్ మూసుకుందా అన్న ధ్యాసలోనే ఉంటారు. కాగితం పట్టుకున్నవారు 18 దగ్గర 'మూడోది' అని ముందే రాసి ఉంటారు కాబట్టి తెర మీద 'మొదటిది' అని వచ్చిన క్షణాన పట్టుకుంటారు. లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలైతే ఊరుకోరు. 18 అడుగులంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. కుర్చీలోంచి లేచి మరీ వాదిస్తారు.

తర్వాత సరిగ్గా 11.75 ఇవ్వమంటాను. > రాసిన జంటలు, >= (ఎక్కువ లేదా సమానం) రాసిన జంటలు అక్కడ విడిపోతాయి. ఏది సరైనదో కంప్యూటర్ చెప్పదు, హెచ్చరిక ఎప్పుడు జారీ అవుతుందో తెలిసిన మనిషే చెప్పాలి.

సిఎస్సి_కాకినాడ

మాస్టారూ, 11.75తో నేరుగా పోల్చడం ప్రమాదం కాదా? దశాంశ సంఖ్యలను సమానమా అని చూడకూడదని మాకు చెప్పారు.

కాలువగట్టు

మంచి ప్రశ్న బాబూ. 0.75 అంటే సగం, అందులో సగం కలిపితే వచ్చేదే. కాబట్టి కంప్యూటర్ వాడే బైనరీలో నిక్కచ్చిగా ఇముడుతుంది. ఈ మూడు సంఖ్యలకూ ఆ ఇబ్బంది లేదు. 0.1 లాంటివి అలా ఇమడవు, అక్కడ మీ మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ ప్రశ్న వచ్చిన జంటకు 0.1ని పదిసార్లు కూడి 1తో సమానమా అని డబుల్ అనే దశాంశ రకంలో చూడమంటాను. కాదని వస్తుంది. ఆ రోజు మరి పాఠం చెప్పక్కర్లేదు.

రెండో_ఏడాది_అమ్మాయి

నేను చెప్పొచ్చా? పోయిన ఏడాది మా ల్యాబ్‌లో జంటలుగా చేయించారు. నాది ఇంటర్ దాకా తెలుగు మాధ్యమం. ల్యాబ్‌లో మొదటి నెలంతా నోరు తెరవలేదు, తెర మీద వచ్చే ఎర్రర్ ఇంగ్లీషులో ఉంటుంది, పక్కవాళ్లు గబగబా సరిచేసేవాళ్లు, ఏం సరిచేశారో నాకు అందేది కాదు.

మా మేడమ్ తర్వాత ఒక నియమం పెట్టారు. నావిగేటర్ కీబోర్డు ముట్టకూడదు. తెర మీద వేలు పెట్టి చూపించకూడదు. వరుస సంఖ్య చెప్పి మాటల్లో వివరించాలి. ఏ భాషలోనైనా సరే. మాకు ఆ 'ఏ భాషలోనైనా' అన్నదే మేలు చేసింది. 'ఏడో వరుసలో విలువ చదివే స్కాన్‌ఎఫ్ లోపల & గుర్తు లేదు, విలువ ఎక్కడ పెట్టాలో దానికి చిరునామా ఇవ్వలేదు' అని నేను తెలుగులో చెబితే నా జంట అమ్మాయి టైపు చేసేది. చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి కదా. చిరునామాలతో పనిచేసే పాయింటర్లు వచ్చేసరికి నాకు అప్పటికే సగం తెలిసినట్టు అనిపించింది.

ఇంకో సంగతి. కీబోర్డు లాక్కునే వాళ్లు ఉంటారు. చెడ్డవాళ్లేమీ కాదు, ఆగలేరు. ల్యాబ్‌లో టీచరు తిరుగుతూ చూడకపోతే వాళ్లు రాసేస్తారు, పక్కవాళ్లు ఊరుకుంటారు.

గౌతమి_ల్యాబ్

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా తరగతిలోనూ నీలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. చాలా ఉపయోగపడే మాట చెప్పావు.

నిడదవోలు_మాస్టారు

నాకు భిన్నాభిప్రాయం ఉంది, చెప్పకుండా ఉండలేను. సెమిస్టర్ చివర ఎక్స్‌టర్నల్ పరీక్షలో ప్రతి విద్యార్థీ ఒంటరిగా కూర్చోవాలి. ప్రశ్న చీటీ తీసుకోవాలి, ప్రోగ్రాము రాయాలి, రన్ చేయాలి, వైవాలో జవాబు చెప్పాలి. ఏడాదంతా పక్కన తోడు ఉండి, ఆ రోజు మాత్రం లేకపోతే బలహీనమైన పిల్లలు కుంగిపోతారు. తెలివైనవారి మీద ఆనుకుని బండి నడిపించే అలవాటు మనమే నేర్పుతున్నామేమో ఆలోచించండి. నా దృష్టిలో బలహీనమైన పిల్లవాడికి కావలసింది కీబోర్డు ముందు ఎక్కువ సమయం. ఈ పద్ధతి దాన్ని సగానికి తగ్గిస్తుంది.

వశిష్ఠ_తీరం

మాస్టారూ, మీ ఆందోళన న్యాయమైనదే. దీని మీద జరిగిన పరిశోధన కొంత చదివాను కాబట్టి చెబుతున్నాను.

పెయిర్ ప్రోగ్రామింగ్‌కు పేరు వచ్చింది 1990ల చివర కెంట్ బెక్ ప్రచారం చేసిన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతి వల్ల. కళాశాలల విషయంలో అందరూ ముందు చెప్పేది 1999లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో లారీ విలియమ్స్ చేసిన ప్రయోగం. ఇద్దరి సమయం కలిపి లెక్కిస్తే ఒంటరిగా చేసినవారికన్నా సుమారు 15 శాతం ఎక్కువ పట్టింది, లోపాలు సుమారు 15 శాతం తగ్గాయి. ఈ లెక్కను మన మొదటి సంవత్సరం పిల్లలకు అన్వయించడం సరికాదు. అక్కడ పాల్గొన్నవారు డిగ్రీ చివరి దశలో ఉన్న విద్యార్థులు, అప్పటికే ప్రోగ్రాములు రాయడం వచ్చినవారు.

మనకు దగ్గరైనది కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో చార్లీ మెక్‌డొవెల్, లిండా వెర్నర్ బృందం చేసిన పని. వారు చూసింది ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన పిల్లలనే. జంటగా చేసినవారిలో కోర్సు మధ్యలో వదిలేయకుండా చివరి దాకా నిలిచినవారు ఎక్కువ. మీ ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. చివరి పరీక్ష అందరూ ఒంటరిగానే రాశారు, జంటగా నేర్చుకున్నవారు అందులో వెనకబడలేదు. ఆడపిల్లల్లో తమ ప్రోగ్రాము మీద నమ్మకం పెరగడం కూడా గమనించారు. వారి వివరాలు 2006లో అచ్చయ్యాయి.

జంట పద్ధతి అన్నిటికీ మందు అని నేను అనను. 2009లో హానే బృందం చాలా అధ్యయనాలను కలిపి చూసి చెప్పినది ఏమిటంటే, తేలిక పనుల్లో జంటలు త్వరగా ముగిస్తాయి, క్లిష్టమైన పనుల్లో నాణ్యత పెరుగుతుంది కానీ మొత్తం శ్రమ పెరుగుతుంది. కాబట్టి ఏ పని ఇస్తున్నామన్నది చాలా ముఖ్యం. రెండు సంఖ్యల కూడిక ప్రోగ్రాముకు ఇద్దరు అనవసరం. మాట్లాడుకోవడానికి అందులో ఏమీ లేదు.

కాలువగట్టు

నిడదవోలు మాస్టారూ, పరీక్ష గురించి మీరన్నది నేనూ పట్టించుకుంటాను. మూడు గంటల ల్యాబ్‌లో చివరి అరగంట జంటలు విడిపోతాయి. ఇద్దరూ కలిసి రాసిన ప్రోగ్రాములోనే ఒక చిన్న మార్పు ఒక్కొక్కరూ విడిగా చేయాలి. కంప్యూటర్లు తక్కువైతే ఒకరు తెర మీద, మరొకరు కాగితం మీద, తర్వాతి వారం తారుమారు. వరద ప్రోగ్రాముకైతే నిన్నటి మట్టం కూడా తీసుకుని, వరద తగ్గుతోందా పెరుగుతోందా చెప్పమంటాను. కలిసి చేసినదానికి ఇద్దరికీ ఒకే మార్కు, విడిగా చేసినదానికి ఎవరి మార్కు వారిది. రెండో భాగానికే ఎక్కువ మార్కులు. ఆనుకుని బండి నడిపినవారు మొదటి రెండు వారాల్లోనే బయటపడతారు. వారిని పిలిచి మాట్లాడడానికి సెమిస్టర్ ఇంకా మిగిలే ఉంటుంది. పాత పద్ధతిలో ఆ సంగతి ఎక్స్‌టర్నల్ రోజు దాకా తెలిసేది కాదు.

నిడదవోలు_మాస్టారు

ఆ చివరి అరగంట ఉంటే నాకు అభ్యంతరం లేదు. అది లేకుండా చేయిస్తున్నవారు మాత్రం దయచేసి ఆలోచించండి.

భీమవరం_కుర్రాడు

నేను ఉపాధ్యాయుణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇంటి నుంచి పని. మా నాన్నగారిది రొయ్యల చెరువు. సెలవుల్లో ఊళ్లో పిల్లలకు కొంత చెబుతుంటాను. మాస్టారి వరద అభ్యాసం లాంటిదే నాదీ ఒకటి ఉంది.

రొయ్యల ధర కౌంట్ మీద ఉంటుందని మన వైపు పిల్లలకు చెప్పక్కర్లేదు. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. చెరువులో వల వేసి నమూనా తీసి తూస్తారు. నమూనా బరువు గ్రాముల్లో, రొయ్యల సంఖ్య తీసుకుని కౌంట్ చెప్పమంటాను. 250 గ్రాములకు 12 రొయ్యలు తూగాయనుకోండి. నావిగేటర్ కాగితం మీద 48 అని రాస్తాడు, ఇంట్లో నోటి లెక్కే. డ్రైవరు 12ని 250తో భాగించి 1000తో గుణించేలా రాస్తాడు. తెర మీద సున్నా వస్తుంది.

ఆ సున్నాను చూసి ఇద్దరూ తలలు పట్టుకోవడం నాకు చాలా ఇష్టమైన ఘట్టం. సూత్రం తప్పు కాదు. గణితంలో అది 48 అనే వస్తుంది. కానీ సి భాషలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశ భాగం రాలిపోతుంది. 12ని 250తో భాగిస్తే 0, సున్నాను వెయ్యితో గుణించినా సున్నానే. ఇప్పుడు సరిచేయడానికి రెండు దారులు. ముందు 1000తో గుణించి తర్వాత భాగించడం ఒకటి, దశాంశ రకానికి మార్చుకోవడం మరొకటి. ఒక్కొక్కరిని ఒక్కో దారి తీసుకుని రెండోవారిని ఒప్పించమంటాను. 250కి బదులు 260 గ్రాములు ఇస్తే మొదటి దారిలో 46 వస్తుంది, రెండో దారిలో 46.15. కొనుగోలుదారు ఏది ఒప్పుకుంటాడు, రైతుకు ఏది లాభం అన్న చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది. కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ధరల షరతులు రాసేటప్పుడు ఈ దిక్కు తారుమారు చేసేవారు చాలామంది. చెరువు ఇంటి పిల్లలు నావిగేటర్‌గా ఉంటే వెంటనే ఆపుతారు. చదువులో వెనకబడ్డాడని పేరున్న కుర్రవాడు అక్కడ అందరికీ చెప్పగలిగే స్థితిలో ఉంటాడు. అది చూడాలండీ.

ఇక ఉద్యోగంలో మేము రోజంతా జంటగా కూర్చోము. చిక్కు సమస్య వచ్చినప్పుడు, కొత్తగా చేరినవారికి పని చూపించేటప్పుడు కూర్చుంటాం. సాఫ్ట్‌వేర్ రంగంలోని లెవెలిన్ ఫాల్కో చెప్పిన ఒక పద్ధతి మాలో కొందరు వాడతారు. ఆలోచన ఎవరి బుర్రలో పుడితే వారు కీబోర్డు ముట్టకూడదు, రెండోవారి చేతుల మీదుగానే అది కంప్యూటర్‌లోకి వెళ్లాలి. కొత్తగా నేర్చుకునేవారికి ఇది చాలా మంచిదని నా నమ్మకం. తక్కువ తెలిసినవారు కీబోర్డు దగ్గర ఉంటారు, ఎక్కువ తెలిసినవారు వివరించక తప్పదు. నిడదవోలు మాస్టారు అడిగిన కీబోర్డు సమయం కూడా బలహీనమైన పిల్లలకే దక్కుతుంది.

గౌతమి_ల్యాబ్

బాబూ, రొయ్యల అభ్యాసం వచ్చే వారమే ఇస్తున్నాను. మాలో ఆక్వా కుటుంబాల పిల్లలు బాగానే ఉన్నారు.

జంటలు కట్టడం గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. మా దగ్గర అబ్బాయిలు ఒక వైపు, అమ్మాయిలు ఒక వైపు కూర్చుంటారు. కలిపితే తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తాయేమోనని మా శాఖలో కొందరు వెనకాడుతున్నారు. ఇంకా, చురుకైనవారిని వెనకబడినవారితో కలపాలా, సమానమైనవారిని కలపాలా?

వశిష్ఠ_తీరం

రెండో ప్రశ్నకు ముందు. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియమ్స్ బృందం ఇదే పరిశీలించింది. పక్కవారి నైపుణ్యం తమతో సమానంగా ఉందని అనిపించినప్పుడు విద్యార్థులకు బాగా పొసిగింది. చురుకైనవారిని, బాగా వెనకబడినవారిని కలిపితే త్యాగం ఒకరిది, అవమానం మరొకరిది అవుతుంది. మొదటి వారం ఒక చిన్న రాత అభ్యాసం పెట్టి, దాన్ని బట్టి మూడు గుంపులు చేసుకుని, పక్క గుంపును దాటకుండా జంటలు కట్టండి. గుంపుల జాబితా మీ దగ్గరే ఉండాలి, గోడకు అంటించకండి.

కాలువగట్టు

అబ్బాయిలు, అమ్మాయిల విషయంలో నేను తొందరపడను. మొదటి నెల విడివిడిగానే. రెండు వారాలకోసారి జంటలు మారతాయని, జాబితా నేనే వేస్తానని మొదటి రోజే చెబుతాను. ఎవరు ఎవరిని ఎంచుకున్నారన్న మాటే పుట్టదు. అందరూ అందరితో పనిచేయడం అలవాటయ్యాక కలిపిన జంటలు వచ్చినా ఎవరూ ప్రత్యేకంగా చూడరు. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే నాకు విడిగా చెప్పమంటాను, కారణం అడగకుండా మారుస్తాను.

రెండో_ఏడాది_అమ్మాయి

కారణం అడగకుండా మార్చడం చాలా ముఖ్యం సర్. మాలో ఒకరు అడగలేక ల్యాబ్ మానేశారు.

సిఎస్సి_కాకినాడ

స్థానాలు ఎంతసేపటికి మారాలి?

కాలువగట్టు

మొదటి నెలలో పది నిమిషాలు. ఫోనులో అలారం పెట్టి ల్యాబంతటికీ ఒకేసారి మోగిస్తాను. మోగగానే ఫైలు సేవ్ చేసి, కంపైల్ చేసి, చేతులు తీసేయాలి. సగం వరుసలో ఉన్నా సరే. ఆ సగం వరుసను పూర్తి చేయాలంటే కొత్తగా కూర్చున్నవారికి అప్పటిదాకా ఏం జరిగిందో అర్థమై ఉండాలి, కాకపోతే అడగాలి. తర్వాత నెలల్లో పదిహేను, ఇరవై నిమిషాలు.

గౌతమి_ల్యాబ్

కరెంటు పోయిన రోజు ఏం చేస్తారు? మాకు యూపీఎస్ ఎక్కువసేపు నిలవదు.

వశిష్ఠ_తీరం

ఆ రోజు కోసం కత్తిరించిన కాగితపు ముక్కలు సిద్ధంగా పెట్టుకోండి. సరైన ప్రోగ్రాము ఒక్కో వరుసను ఒక్కో ముక్కగా కోసి, కలగలిపి, అవసరం లేని వరుసలు ఒకటి రెండు చేర్చి కవరులో వేస్తే జంట వాటిని సరైన క్రమంలో పేర్చాలి. 2006లో న్యూజీలాండ్‌లో డేల్ పార్సన్స్, పెట్రీషియా హేడెన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. వారు కంప్యూటర్ మీద చేశారు, బల్ల మీద కాగితాలతో ఇంకా బాగుంటుంది, ఎందుకంటే రెండు జతల చేతులు ఒకేసారి పనిచేస్తాయి. దాళ్వాకు (రెండో పంటకు) కాలువ నీటిని వంతులవారీగా ఇచ్చే లెక్క దీనికి చక్కగా సరిపోతుంది. ఏడు ఊళ్లు, రోజుకో ఊరు, ఫలానా రోజు నీళ్లు ఎవరికి? రోజు సంఖ్యను ఏడుతో భాగించగా వచ్చే శేషమే జవాబు. ఏడో రోజు శేషం సున్నా అవుతుంది, సున్నా నంబరు ఊరు లేదు. ఆ ముక్క ఎక్కడ పెట్టాలన్న దగ్గర మంచి వాదన జరుగుతుంది.

భీమవరం_కుర్రాడు

ఇంటి దగ్గర సాధనకు ఒక మాట. కంప్యూటర్లు ఉన్నవారైతే విఎస్ కోడ్ అనే ప్రోగ్రాములు రాసే సాధనంలో లైవ్ షేర్ పెట్టుకుని ఒకే ఫైలు మీద ఇద్దరూ పనిచేయవచ్చు. ఫోను మాత్రమే ఉన్న పిల్లలు ఫోనులోనే మాట్లాడుకుంటూ ఒకరు ప్రోగ్రాము వరుసవారీగా చదవాలి, రెండోవారు కాగితం మీద వేరియబుల్స్ విలువలు మార్చుకుంటూ పోవాలి. లూపులు అర్థం కావడానికి దీన్ని మించినది నాకు కనిపించలేదు.

నిడదవోలు_మాస్టారు

చివరగా నాదీ ఒక ప్రశ్న. జంటలో ఒకరు రాకపోతే? వరదల సమయంలో లంకల పిల్లలు వారాల తరబడి రాలేరు.

కాలువగట్టు

మిగిలినవారిని మరో జంటలో కలుపుతాను మాస్టారూ. ముగ్గురిలో ఒకరు డ్రైవరు. ఒకరు కాగితం మీద రావాల్సిన జవాబులు రాస్తారు, ఒకరు ప్రోగ్రాము వరుసలు చదివి లోపాలు చెబుతారు. అలారం మోగినప్పుడల్లా ముగ్గురూ స్థానాలు మారతారు. నలుగురిని మాత్రం కలపను, ఒకరికి పని మిగలదు. రాలేకపోయిన పిల్లలు తిరిగి వచ్చాక వారికి పాత జంటే మొదటి రెండు ల్యాబ్‌లకు దొరికేలా చూస్తాను. తప్పిపోయిన అభ్యాసాలు వారు డ్రైవరుగా కూర్చుని చేస్తారు, అప్పటికే చేసినవారు నావిగేటర్లుగా ఉంటారు. ఆ వారాలకు వారి హాజరు, ఇంటర్నల్ మార్కులు పోకుండా ముందే శాఖాధిపతితో మాట్లాడి పెట్టుకోండి. వరద వచ్చాక అడిగితే ఆలస్యమవుతుంది.